మాట అందేదాకా

నా చిన్నప్పుడు మా కొల్లేటి లంకలో చదువు అయిదో తరగతితో ఆగిపోయేది. ఆ పైన చదవాలంటే పడవెక్కి ఆవలి గట్టుకి పోవాలి. మగపిల్లలే సగం మంది మానేసేవారు. ఆడపిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. నేను అయిదులో ఉండగా, మా ఊరికి ఆరో తరగతి ఇవ్వాలో వద్దో తేల్చడానికి ఏలూరు నుంచి పెద్దాఫీసరు వస్తున్నారన్నారు. ఆయన ముందు మాట్లాడటానికి మా మాస్టారు నన్ను ఎంచుకున్నారు. ఊళ్లో నన్ను మించిన వాగుడుకాయ దొరకలేదు మరి.

మాస్టారు రాసిచ్చింది బట్టీ పట్టి, ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేదాన్ని. అది ఉపన్యాసమో ఆయాసమో తెలిసేది కాదు. ముందురోజు సాయంత్రం మా మేనత్త అది విని, నన్ను గట్టు మీద నిలబెట్టి, తను దోనె వేసుకుని దూరాన నీళ్లలో ఉన్న కిక్కిస గడ్డి దుబ్బుల దాకా వెళ్లింది. అక్కణ్నుంచి చెప్పమని చెయ్యి ఊపింది. గొంతు చించుకుని మొత్తం చెప్పేశాను. తిరిగొచ్చి, ఒక్క ముక్కా అందలేదంది.

"వల దగ్గరున్న మీ మావయ్యని అన్నానికెలా పిలుస్తానే? ఒక కేకేస్తాను. ఆయన పలికేదాకా రెండోది వెయ్యను. నీ మాట చేరిందో లేదో చూసుకోవద్దా?"

మర్నాడు ఆఫీసరుగారు బడి చూడటం అయ్యేసరికి గాలి లేచింది. పడవ నడిపే సరంగు తొందరపెడుతున్నాడు. ఆయన కాగితాలు సర్దుకుంటూనే చెప్పమ్మా అన్నారు. రెండు వాక్యాలు చెప్పానో లేదో, బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది. మాస్టారు పెదవులు కదుపుతున్నారు గానీ నాకేమీ అర్థం కావటంలేదు. వెనక ఊరంతా నిలబడి ఉంది. ఆఫీసరుగారు కుర్చీలోంచి లేవబోయారు. గుమ్మం దగ్గరున్న అత్త కేసి చూశాను. ఆవిడ ఏ సైగా చెయ్యలేదు.

"మా ఊళ్లో ఆరో తరగతి లేదండి," అని ఆగిపోయాను. ఆయన తలెత్తేదాకా మళ్లీ నోరు విప్పలేదు. ఎత్తారు.

"గాలొస్తే పడవ రాదండి."

మళ్లీ ఆగాను. ఆయన కుర్చీలో వెనక్కి కూర్చుని, "మరప్పుడేం చేస్తారమ్మా?" అన్నారు.

"మానేస్తామండి."

ఆయన పడవని ఉండమన్నారు. మాస్టార్ని పిలిచి, పిల్లల సంగతులు ఒక్కొక్కటే అడిగారు. ఆ వేసవి దాటాక ఆరో తరగతి మా ఊళ్లోనే, తాటాకు పాకలో చదివాను.

తర్వాత తణుకులో టీచరమ్మనై, ఎన్నో సభల్లో మాట్లాడాను. ఇప్పటికీ ఒక మాట అన్నాక, అది ఎదుటివాళ్ల కళ్లలో దిగేదాకా రెండోది అనను. పాపం పెద్దావిడ మరిచిపోయిందనుకుని ఎవరో ఒకరు మంచినీళ్లు అందిస్తారు. కాదనకుండా తాగి, ఇంకాస్త ఆగుతాను.