మెయిల్ కింద మూడంతస్తుల సంతకం

ఒక మనిషి తన సంతకాన్ని తానే ప్రేమించుకుంటే ఎంత నష్టం జరుగుతుందో చెప్పడానికి జనగామ చుట్టుపక్కల నాకన్నా అర్హుడు లేడు. ఐదు వేల బియ్యం సంచులు, ఎనభై ఏళ్ల ఒక అవ్వ, ఒక రైస్ మిల్లు పరువు, ఇన్నిటిని నేను ఒక్క సంతకంతో ముంచాను. అది కూడా పెన్ను ముట్టకుండా. మీరు ఆఫీసు మెయిళ్లు రాసేవారైతే ఇది చదివాక ఒకసారి మీ మెయిల్ అడుగుభాగం చూసుకోండి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. జనగామలో యాదగిరి సేటు మిల్లులో గుమస్తాను. నా మెయిళ్ల కింద మాత్రం ‘చీఫ్ కరస్పాండెన్స్ ఆఫీసర్’ అని ఉండేది. ఆ హోదా నాకు ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ వద్దని కూడా అనలేదు.

ఒకరోజు హైదరాబాద్ నుంచి ఏదో కంపెనీ మెయిల్ వచ్చింది. దాని అడుగున ఆ ఆఫీసరు ఫోటో, పక్కన నీలి సిరాతో చేసినట్టున్న సంతకం. పావుగంట సేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ మెయిల్‌లో ఏం రాశారో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ సాయంత్రమే బస్టాండు దగ్గర స్టూడియోకు వెళ్లి, వాళ్ల కోటే వేసుకుని, చేతులు కట్టుకుని ఫోటో దిగాను. తర్వాత సంతకం. అప్పటిదాకా నాది హాజరు పట్టీలో పెట్టే సంతకం. అంటే సుధాకర్ అని పేరు రాసి ఊరుకోవడమే. మూడు రోజులు పాత గేట్ పాసుల వెనక సాధన చేశాను. మొదటి అక్షరం భూపాలపల్లి కరెంటు ప్లాంటు చిమ్నీలా పైకి లేచేది. మిగతావి డోర్నకల్‌లో గూడ్సు బండిలా ఎంతసేపటికీ అయిపోయేవి కావు. అడుగున రెండు గీతలు, మూడు చుక్కలు. ఆ చుక్కలు దేనికని అడగకండి. తెల్లకాగితం మీద గీసి, ఫోన్‌తో ఫోటో తీసి, ప్రతి మెయిల్ కింద దానంతటదే వచ్చేలా అమర్చుకున్నాను. ‘అందింది’ అని ఒక్క మాట రాసినా కింద కోటు, చిమ్నీ, గూడ్సు బండి వరసగా దిగేవి.

సేటు ఒకసారి చూసి, నీ ఫోటో ఎందుకురా అని అడిగాడు.

“నమ్మకం కోసం సేటు. మనిషి కనవడితె అవుతలోళ్లకు జర ధైర్యముంటది” అన్నాను.

ఆయన కాసేపు నా మొహం చూశాడు. అందులో ధైర్యం ఇచ్చేదేమీ కనబడనట్టుంది. అయినా ఊరుకున్నాడు.

ఇక సంచుల సంగతికి వస్తాను. సేటు తల్లి లచ్చవ్వ జఫర్‌గఢ్‌లో ఉండేది. ఒకప్పుడు వడ్లు దంచి, గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా బియ్యం అమ్మి కొడుకును చదివించింది. మిల్లు పెట్టిన ఇన్నేళ్లకు సేటుకు ఒక కోరిక పుట్టింది. తల్లి ఫోటోతో, ‘అవ్వ బియ్యం’ పేరుతో కొత్త సంచి తేవాలని, దాన్ని ఆమె చేతే విప్పించాలని. కష్టమల్లా ఏమిటంటే ఆవిడకు ఉన్నది ఒకే ఒక్క ఫోటో. ఎవరైనా తీయబోతే కొంగు అడ్డం పెట్టుకునేది. సేటు ఆ ఫోటోను బీరువాలోంచి తీసి, రెండు చేతులతో నాకిచ్చి, పైలంగా చూడమన్నాడు.

చాలా పైలంగానే చూశాను. స్కాన్ చేశాను. సంచులు ముద్రించే హైదరాబాద్ ప్రెస్సుకు మెయిల్ రాశాను: ‘ఇందులోని ఫోటోను సంచి మధ్యలో ముద్రించగలరు. పైన అవ్వ బియ్యం అని పెద్ద అక్షరాలు ఉండవలెను.’ తర్వాత నా సంతకం కొంచెం ఎడమకు జరిగినట్టు అనిపించి దాన్ని సర్దుతూ కూర్చున్నాను. సర్దడం పూర్తయ్యాక సంతోషంగా పంపేశాను. అవ్వ ఫోటో జత చేయడం మరిచిపోయాను.

అంటే ఆ మెయిల్‌లో ఉన్న ఫోటో ఎవరిదో మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకే కాలేదు.

ప్రెస్సువాళ్లు బుద్ధిమంతులు. ఒక్క ఫోటోనే వచ్చింది, అదేనా అని అడిగారు. అవ్వకు ఉన్నది ఒక్కటే కదా. ‘అదే. ఇంకొకటి లేదు’ అని రాశాను. కింద కోటు, సంతకం.

నాలుగు రోజులకు సంచి నమూనా పంపారు. అప్పటికి మా మధ్య చాలా మెయిళ్లు నడిచాయి. ప్రతిదాని వెంట నా ఫోటో అటు వెళ్లి మళ్లీ ఇటు వచ్చేది. ఆ మెయిల్ అడుగున చిన్న చిన్న గడుల్లో ఎనిమిది బొమ్మలున్నాయి. ఎనిమిదింటిలోనూ నేనే. అందులో ఒకటి సంచి అని నాకెందుకు తోస్తుంది? నమూనా తర్వాత పంపుతారులే అనుకుని, మర్యాదకు ‘అందినది, ధన్యవాదములు’ అని రాశాను. ఆ ప్రెస్సులో ఒక కట్టుబాటు ఉందని నాకు తెలియదు. నమూనా మీద మన సంతకం చేరితేనే మిషన్ తిప్పుతారట. నా సంతకం చేరింది. మిషన్ తిప్పారు.

తర్వాత లారీ బయల్దేరిందని ఫోనొచ్చింది. నమూనా చూడందే ఎలా వేశారని అడగవలసినవాణ్ణి, పని తొందరగా అయినందుకు సంతోషించాను.

సంచులు వచ్చిన ఉదయం మిల్లు ముందు షామియానా వేశారు. చుట్టాలొచ్చారు. లచ్చవ్వ కొత్త చీర కట్టుకుని కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. హమాలీ మేస్త్రీ సాయిలు మొదటి కట్ట తెచ్చి ఆమె ముందు పెట్టాడు. సేటు ఆమె చేతికి కత్తెర ఇచ్చి, తన చెయ్యి కింద పట్టి సుతిలి కోయించాడు. సంచి ఎత్తి అందరికీ కనబడేలా తిప్పాడు.

పైన ‘అవ్వ బియ్యం’. కింద కోటు వేసుకుని, చేతులు కట్టుకుని, మీసాలతో నేను.

చప్పట్లు కొట్టడానికి లేచిన చేతులు అక్కడే ఆగాయి. సాయిలు సంచిని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ సంచిని చూశాడు.

“అన్నా, నువ్వేమన్న ఎలచ్చన్ల నిలవడ్తున్నవా?” అని మెల్లగా అడిగాడు.

సేటు ప్రెస్సుకు ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా పెట్టాడు. అవతలాయన ఎంతో ఓపికగా తారీఖుల వారీగా నా మెయిళ్లు చదివి వినిపించాడు. మాకూ అనుమానం వచ్చింది సార్, కానీ మూడుసార్లు సంతకం పెట్టి పంపారు కదా, అంత పెద్ద సంతకం చేసే మనిషి చూడకుండా చేస్తాడనుకోలేదు అన్నాడు.

సేటు ఫోన్ పెట్టేశాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు తెలిసింది నాకు, నేను పాడుచేసింది సంచులను కాదని. భూమి చీలితే బాగుండుననుకున్నాను. అది గోదాము గచ్చు. చీలలేదు.

“ఏం రాసిన్రు బిడ్డా దాని మీద?” అని లచ్చవ్వ అడిగింది.

“అవ్వ బియ్యం అని” అన్నాడు సేటు.

“మరి గీ పిలగాడెవలు?”

నేనే వెళ్లి ఆమె కుర్చీ దగ్గర కూర్చున్నాను. “నేనే అవ్వా. నీ ఫోటో పెట్టమంటె, మర్చిపోయి నాది పంపిన. తప్పయింది.”

ఆవిడ సంచిని ఒళ్లోకి లాక్కుని కళ్లు చికిలించి చూసింది. తర్వాత నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. కొడుకు వైపు తిరిగింది.

“బియ్యం సంచి మీదుండేటోడు గింత బక్కగుంటె ఎవలు కొంటర్రా? ముందుగాల గీ పిలగానికి ఇంత బువ్వ పెట్టుండ్రి.”

ముందు సాయిలు నవ్వాడు. తర్వాత సేటు, కళ్లు తుడుచుకుంటూనే. నాకు నిజంగానే అన్నం పెట్టారు. ఆవిడ పక్కనే కూర్చుని, రెండోసారి వడ్డించమంటూ ఆజ్ఞలిచ్చింది.

ఉద్యోగం పోలేదు. శిక్ష మాత్రం పడింది. సేటు అవ్వ ఫోటోతో స్టిక్కర్లు వేయించాడు. ఐదు వేల సంచుల మీద ఐదు వేల సార్లు నా మొహాన్ని నేనే మూసేయాలి. పదకొండు రోజులు పట్టింది. రెండో రోజుకు నా మొహం నాకు విసుగొచ్చింది. ఐదో రోజుకు దాన్ని మూయడంలో ఒక రకమైన హాయి మొదలైంది.

ఇప్పుడు నా మెయిళ్ల కింద పేరు, ఫోన్ నంబరు మాత్రమే ఉంటాయి. ఇందుమూలంగా పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నా సంతకాన్ని పెన్నుతోనే, కాగితం మీదనే, కాగితంలో ఏముందో చదివాకే పెడతాను. నా మొహాన్ని నా మెడ మీద తప్ప మరెక్కడా పెట్టను.