లైను అందించిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కచెల్లెళ్ళారా, మా ఆయన విక్టర్ గారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయినాక నా గొంతు పడిపోయింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోవడం కాదండీ, అసలు మాటే రాలేదు, కూరలు కొనాలన్నా వేలు చూపించి కొనేదాన్ని, వంటింట్లో ఉండగా మా అత్తమ్మ పిలిస్తే పలకడానికి గిన్నె మీద గరిటె కొట్టేదాన్ని. డాక్టర్లు గొంతులో గొట్టం పెట్టి చూసి అంతా బాగానే ఉందమ్మా అన్నారు. బాగుంటే మరి మాటేదీ? ఎంత కోపం వచ్చిందో నాకు, ఆ కోపం వెళ్ళగక్కడానికి కూడా గొంతు లేదు!

కొత్తవాళ్ళున్నారు కాబట్టి మా ఆయన గురించి చెప్తాను. పగలు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, సాయంత్రమైతే ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ దద్దరిల్లేలా యేసయ్య పాటల్ని రాక్ బ్యాండు కట్టి పాడే మనిషి. పాటలు కట్టేదీ ముందు నిలబడి పాడేదీ ఆయనే, పక్కన కోరస్ నేను, గిటార్ మా శామ్యూల్ అన్నయ్య, డ్రమ్స్ మా బాపీదా, దాదా అంటే వాళ్ళ భాషలో అన్న, మనిషి బెంగాలీ అయినా మన పాటలన్నీ ఆయనకి నోటికొచ్చు. పెద్దలు చెవుల్లో దూది పెట్టుకున్నారు గానీ ఒక్కరూ లేచి వెళ్ళలేదు, గుర్తుందా తాతగారూ? తర్వాత అన్నయ్యకి టాటానగర్ ట్రాన్స్‌ఫర్, బాపీదాకి కలకత్తాలో పని, బ్యాండు చెదిరిపోయింది. మళ్ళీ అందరం కలిసి ఆల్బం చేయాలని మా ఆయన కొత్త పాటలు కట్టుకున్నారు, మాకందరికీ నేర్పినారు, ఇంతలో ఒకరోజు డ్యూటీలో గుండె పట్టుకుని కూర్చున్నారు, మరి లేవలేదు.

కొన్నాళ్ళకి అన్నయ్య, బాపీదా మా ఇంటికొచ్చినారు. "సెల్లెమ్మా, బావ పాటల్ని బావతోపాటు పాతిపెట్టీలేం, నువ్వు పాడాల" అన్నాడు అన్నయ్య. నేను గొంతు చూపించి తల అడ్డంగా ఊపినాను. ఏం చేస్తారు పాపం, విశాఖపట్నం నుంచి ఒక తమ్ముణ్ణి పిలిపించి పాటలు నేర్పినారు, బంగారం లాంటి గొంతు. స్టూడియో వద్దు, సంఘమంతా పాడాలి, ఇక్కడ మన చర్చిలోనే రికార్డు చేద్దామన్నారు. ఆ రోజు మా అత్తమ్మ పక్కన కూర్చుని మనసులోనే దేవుడితో పోట్లాడినాను: "ప్రభువా, మనిషిని తీసుకున్నావు, ఆయన పక్కన పాడిన గొంతునీ తీసుకున్నావు, ఇంక నా దగ్గర ఏం మిగిల్చినావు? ఆయన పాటనైనా బతికించు తండ్రీ!"

డ్రమ్స్ మోగినాయి, గిటార్ లేచింది, ఆ తమ్ముడు ఎంత అందంగా ఎత్తుకున్నాడో! సంఘం మాత్రం కిక్కురుమనలేదు. మళ్ళీ పాడినాడు, మళ్ళీ అంతే, అందరూ అతని మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. పాట నచ్చలేదనుకుని అతనికి చెమటలు పట్టినాయి. మా అత్తమ్మ నన్ను మోచేత్తో పొడిచి "లైను సెప్పరేంటే?" అంది.

అప్పుడు తట్టింది నాకు! ఈ బెంగాలీ ఊళ్ళో మన పిల్లలు బళ్ళో చదివేది హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు; తెలుగు మాట్లాడతారు గానీ పాటల పుస్తకం చదవలేరు, వాళ్ళ అమ్మానాన్నలూ అంతే కదా. అందుకని మా ఆయన ప్రతి లైనూ ముందు మాటలా చెప్పేవారు, తర్వాతే పాడేవారు, రాక్ పాటైనా సరే. ఆ అలవాటుకి మనం లైను అందేదాకా నోరు విప్పం. విశాఖ తమ్ముడికి అది ఎవరూ చెప్పలేదు, మనకి అది చెప్పాల్సిన సంగతని కూడా తోచలేదు!

అయ్యో, ఆయన పాట నా కళ్ళముందే చచ్చిపోతోంది అనిపించింది, ఎప్పుడు లేచి నిలబడినానో తెలీదు సహోదరులారా, నా నోట్లోంచి మాట వచ్చింది: "మూసిన గేటు తీసిన యేసయ్యా, నీ వెంటే వస్తానయ్యా!"

బొంగురు గొంతే, అయినా చివరి బెంచీ దాకా వినపడింది. సంఘమంతా ఒక్కసారిగా లేచి అందుకుంది! బాపీదా ఏడుస్తూనే వాయించినాడు, మా అత్తమ్మ నన్ను మైకు దగ్గరికి తోసేసింది, రెండో లైను చెప్పినాను, మూడోది చెప్పినాను, చరణానికొచ్చేసరికి ఆ తమ్ముడితో కలిసి పాడుతున్నాను. ఆయన కట్టిన పాటలన్నీ ఆ ఒక్క పూటే రికార్డయినాయి. దేవునికే మహిమ!

రికార్డింగ్ చేసిన దాదా ఈ ఉత్త మాటలు కట్ చేసేయనా అని అడిగినాడు. అవి తీసేస్తే మా వాళ్ళెవరూ పాడరు దాదా, ఉంచెయ్యండి అని నేనే చెప్పినాను, నా నోటితో. ఇప్పుడు పూరీ గేట్ దగ్గర టీ కొట్లో కూడా మా ఆల్బమే మోగుతోంది, మా అత్తమ్మేమో నీకు మాట రాకపోయినప్పుడే ఇల్లు ప్రశాంతంగా ఉండేదే అంటోంది.

ఇక్కడ ఎవరైనా నా నోరు మూసుకుపోయింది, నాకిక పాట లేదు అనుకుంటున్నారా? అలాగే వచ్చి కూర్చోండి. ప్రార్థించడానికి మాట లేకపోయినా, కోపంగా ఉన్నా రండి, నేను దేవుడితో పోట్లాడడానికే వచ్చినాను, పాడుకుంటూ ఇంటికెళ్ళినాను. ఆమేన్.