వీరాస్వామి గారి మూడో పిలుపు

లా కాలేజీలో ఐదేళ్లు చదివాను. అయినా కోర్టులంటే ఏమిటో నాకు తెలిసొచ్చింది అటెండరు వీరాస్వామి గారి వల్ల. ఈ మాట మా సీనియరుకు నచ్చదు. నచ్చకపోతే మానేయమనండి.

మాది కాలువ ఒడ్డున చిన్న ఊరు. కోర్టూ చిన్నదే, సివిల్ కేసుల్లో అన్నిటికంటే కింది మెట్టు. జూనియర్ సివిల్ జడ్జి గారి కోర్టంటారు. దాని గుమ్మంలో నిలబడి వీరాస్వామి గారు ముప్పై ఒక్క ఏళ్లు పేర్లు పిలిచారు. ఒక్కో పేరు మూడుసార్లు. మూడో పిలుపుకీ పలక్కపోతే ఆ మనిషి రానట్టే, కేసు కొట్టేసినా అడిగే దిక్కుండదు. అందుకని రెండో పిలుపు అయ్యాక ఆయన తీరిగ్గా వరండా చివరిదాకా నడిచేవారు. టీ బడ్డీ, కుళాయి, సైకిల్ స్టాండు ఓసారి చూసుకుని, దగ్గి, అప్పుడు మూడోది పిలిచేవారు. అది దొంగ దగ్గని వచ్చిన జడ్జీలందరికీ తెలుసు.

ఆయనకు ఒక్కటే కుతూహలం. ఓడినవాళ్లు అప్పీలు వేస్తే ఆ కేసు కాగితాలను గుడ్డలో మూటగట్టి రాజమండ్రి జిల్లా కోర్టుకు పంపేది ఆయనే. కొన్ని కట్టలు ఏడాదికి, కొన్ని ఆరేళ్లకు తిరిగొచ్చేవి. "అక్కడ వీటినేం చేస్తారండీ?" అని కనిపించిన ప్లీడరునల్లా అడిగేవారు. ఎవరూ సరిగ్గా చెప్పేవాళ్లు కారు.

అలా ఓడినవాళ్లలో పాపాయమ్మ ఒకతె. ఆమెకు అరెకరం చేను ఉంది. పై చేను రైతు, తన పొలంలోంచి ఆమె చేనుకు నీళ్లొచ్చే బోదెను పూడ్చి దున్నేశాడు. బోదె లేకపోతే ఆమెకు సార్వా పంటా లేదు, దాళ్వా పంటా లేదు. దావా వేసి ఓడిపోయింది. ఓడిన మర్నాటి నుంచి రోజూ వచ్చి కోర్టు గుమ్మం పక్కన కూర్చునేది. జడ్జి గారు ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ పిలిపించి తన మాట వింటారని ఆమె నమ్మకం. అప్పీలుకు గడువు ముప్పై రోజులు. అందులో ఇరవై నాలుగు ఇలా కూర్చోవడంలోనే పోయాయి.

కేసులున్నవాళ్లకు అటెండర్లు సలహాలు చెప్పకూడదు. ఆ ఇరవై నాలుగో రోజున వీరాస్వామి గారు ఆ నియమాన్ని పక్కనపెట్టి ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చారు.

"ఈవిడ శృతి గారమ్మా, అప్పీళ్లు వేస్తారు. ఈ కోర్టు చెప్పింది ఈ కోర్టే మార్చదు. పైకెళ్లాలి."

"పైనంటే ఎక్కడ బాబూ?" అంది పాపాయమ్మ.

నేను సెక్షన్లు ఎత్తబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "మీ బోదెలోకి నీళ్లు ఎక్కణ్ణుంచొస్తాయమ్మా?" అని అడిగారు.

"పిల్లకాలువలోంచి. దాంట్లోకి పెద్దకాలువలోంచి. దాంట్లోకి ధవళేశ్వరం ఆనకట్ట నుంచి. ఆ మాత్రం తెలీదా ఏంటి!"

"కోర్టులూ అంతేనండి. మాది బోదె. పైన రాజమండ్రిలో జిల్లా కోర్టు, ఆ పైన అమరావతిలో హైకోర్టు. నీళ్లు కిందికొస్తాయి, మనం పైకెళ్లాలి."

పాపాయమ్మ మూడు కోర్టులనూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "మరి అన్ని చోట్లా నా బోదె ఉందో లేదో చూస్తారా?"

ఇంత మంచి ప్రశ్న నన్ను పరీక్షల్లో కూడా ఎవరూ అడగలేదు. "చూడరండి. సాక్ష్యాలన్నీ మళ్లీ చూసేది జిల్లా కోర్టే. హైకోర్టులో చట్టం ఎక్కడైనా తప్పిందా అనే చూస్తారు," అన్నాను.

"అయితే నా బోదె మాట వినే ఆఖరి చోటు రాజమండ్రేనన్నమాట."

అంతే మరి. ఇరవై ఏడో రోజున అప్పీలు వేశాం.

అది వాదనకు రావడానికి రెండేళ్లు పట్టింది. అప్పటికి వీరాస్వామి గారు రిటైరయ్యారు. తన కట్టలు ఎక్కడికెళ్లేవో చూడాలని ఆయనా మాతో బస్సెక్కారు. జిల్లా కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చుని, అక్కడి అటెండరు ఎలా పిలుస్తాడోనని మెడ చాచి చూస్తున్నారు. మా కేసు మధ్యాహ్నానికి గానీ రాదనుకుని నేను కింది అంతస్తులో ఇంకో కేసుకు వెళ్లాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ముందున్న నాలుగు కేసులూ వాయిదా పడి, పదకొండున్నరకే మా వంతు వచ్చేసింది.

బయట జనరేటర్ మోత. మొదటి పిలుపు అయిందట, వెంటనే రెండోదీ అయిందట. ఇక్కడ మధ్యలో నడకా లేదు, దగ్గూ లేదు. పాపాయమ్మేమో మంచినీళ్ల కుళాయి దగ్గరుంది. కొట్టేస్తే మళ్లీ తెరవమని దరఖాస్తు పెట్టుకోవచ్చు గానీ, దానికెన్ని నెలలు పడుతుందో, ఒప్పుకుంటారో లేదో ఎవరూ చెప్పలేరు.

"యాళ్ల పాపాయమ్మా!"

ఆ గొంతు కింది అంతస్తులో ఉన్న నాక్కూడా వినిపించింది. గౌను ఎత్తిపట్టుకుని మెట్ల మీద పరుగెత్తాను.

హాల్లో అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. వీరాస్వామి గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఎవరు మీరు?" అన్నారు జడ్జి గారు.

"రిటైర్డ్ అటెండర్నండి. అలవాటుకొద్దీ అరిచేశానండి, క్షమించాలండి. ఆవిడ కుళాయి దగ్గరున్నారండి."

జడ్జి గారు ఆయన్ని కాసేపు చూసి, "సరే, రానివ్వండి," అన్నారు. తడి చేతులు చెంగుకు తుడుచుకుంటూ పాపాయమ్మ గుమ్మంలోంచి, "వచ్చానండి, ఆయ్!" అంది. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ సిగ్గుతోనే గంటసేపు వాదించాను.

బోదె తెరవాలని తీర్పొచ్చింది. ఆ సార్వాకు పాపాయమ్మ చేలో నీళ్లు పారాయి. ఇప్పుడు పై చేను రైతు హైకోర్టుకు వెళ్లాడు. ఆ కబురు చెప్పగానే వీరాస్వామి గారు, "అక్కడెవరు పిలుస్తారండీ?" అని అడిగారు.

"పేర్లు పిలవరండి. బోర్డు మీద కేసు నంబరు వెలుగుతుంది."

"మరి కుళాయి దగ్గరున్నవాళ్లో?" అన్నారాయన.

వాదన రోజున మా నంబరు వెలిగేదాకా హాల్లోంచి కదలనని మాటిచ్చాను.