గుడ్డ కట్టిన దోసకాయ

బావా, ఎలా ఉన్నావు? నీ మెసేజ్ చూసి కూడా ఇన్నాళ్ళు జవాబివ్వలేదు, ఏమీ అనుకోకు. రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదని ఆగాను. మేడ మీది మావ పోయాడు. మొన్న మంగళవారం పొద్దున్నే మొక్కలకి నీళ్ళు పోసి దిగుతూ మా షాపు పక్క మెట్ల మీద కూర్చున్నాడు. ఆయాసంగా ఉందన్నాడు. షట్టర్ సగం ఎత్తి వదిలేసి మంచినీళ్ళు తెచ్చేలోపే అయిపోయింది.

ఇది మన గ్రూపులో కూడా పెడుతున్నాను. అందుకే నీకు తెలిసినవి కూడా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మావంటే చుట్టం కాదు. దువ్వాడలో నా పెయింట్ల షాపున్న ఇంటికి ఓనరు. స్టీలు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ఖాళీ అయిన నా పెయింటు బకెట్లన్నీ ఆయన మేడ మీదకే వెళ్ళేవి. వారం రోజులు నీళ్ళు పోసి నానబెట్టి, రంగు పెచ్చులు గీకి, అడుగున మేకుతో బెజ్జాలు పెట్టేవాడు. వాటిలో టమాటా, బెండ, ముల్లంగి, ఉల్లికాడలు. పాత డ్రమ్ములో నిమ్మచెట్టు. పిట్టగోడ పొడవునా దోసపాదు. పక్క పట్టాల మీద పోయే గూడ్సు బళ్ళ బొగ్గు పొడి ఆకుల మీద పడుతుంది కదా, ఏ కాయైనా మూడు నీళ్ళు కడగందే నోట పెట్టనిచ్చేవాడు కాదు.

ఓసారి పండిన టమాటా ఒకటి తెచ్చి నా రంగుల షేడ్ కార్డు పక్కన పెట్టాడు.

"ఈ రంగుందేటిరా నీ కాడ?"

"దగ్గర దగ్గరగా ఉంది మావా."

"దగ్గరేటి? ఉంటే ఉందను, నేకపోతే నేదను. ఇంత పెద్ద షాపెట్టీసి టమాటా రంగు కలపడం రాదేటి!" అని ఆ టమాటా కౌంటరు మీదే వదిలేసి పోయాడు. మధ్యాహ్నం దాన్ని నేనే తినేశాను.

నువ్వప్పుడు పక్క షాపులో కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టేవాడివి. ఎండాకాలం కరెంటు పోతే ముగ్గురం మెట్ల కింద నీడలో చేరేవాళ్ళం. "ఏటి సేద్దాం మావా?" అని నువ్వడిగితే ఆయన మాట ఎప్పుడూ ఒకటే. "ఏటి సేద్దామని అడక్కురా. మేడెక్కి ఏటి కాసిందో సూసిరా." నువ్వు ఏది తెస్తే దానితోనే. ఒకరోజు ముల్లంగీ పుదీనా, ఒకరోజు లేత బెండకాయలు పచ్చివే. నానబెట్టిన పెసరపప్పు గుప్పెడు, పైన నిమ్మకాయ. నువ్వోసారి దాన్ని సలాడ్ అన్నావు, గుర్తుందా? వారం రోజులు ఏడిపించాడు. "సలాడేటిరా, పెద్ద ఓటల్లో కూకున్నట్టు! పచ్చిముక్కలు అను."

ఉప్పు మాత్రం ముందు కలపనిచ్చేవాడు కాదు. "ముందేస్తే ముక్క ఏడిసేత్తాదిరా," అనేవాడు. కంచాలు అందరి చేతుల్లోకీ వచ్చాక చిటికెడు చొప్పున తనే చల్లేవాడు.

నువ్వు ఎలమంచిలి వెళ్ళిపోయేటప్పుడు దోసగింజలు పొట్లం కట్టి ఇచ్చాడు కదా. అది నా కౌంటరు మీదే మర్చిపోయి వెళ్ళావు. నేను సొరుగులో పెట్టాను, ఎలకలు కొట్టేశాయి. మావ మాత్రం ప్రతి వానాకాలం అడిగేవాడు, "ఎలమంచిలోడు నాటేడా?" అని. నాటాడు మావా, బాగా కాస్తోందట అనేవాణ్ణి. ఆ అబద్ధం సంగతి నీకు ఈరోజే చెబుతున్నాను.

ఇక ఆ మంగళవారం. పరవాడ నుంచి మావ కూతురొచ్చింది. మూడింటికల్లా అన్నీ అయిపోయాయి. ఇంట్లో పొయ్యి ముట్టించకూడదు కాబట్టి ఎదురింటివాళ్ళు అన్నం, పప్పు తెచ్చిపెట్టారు. అత్త ముట్టలేదు. ఆవిడకి సుగరు, తినకుండా మాత్ర వేసుకోకూడదు. కూతురు కిందికొచ్చి నాతో అంది: "అన్నా, అమ్మ నిన్న రేత్రి తిన్న తిండే. మాత్రొద్దంతంది. నువ్వేనా సెప్పు."

మేడెక్కాను. ఏం కాసిందో చూశాను. టమాటాలు మూడు, ఉల్లికాడలు, నాలుగు బెండకాయలు. పాదుకి పసుపుపచ్చగా మగ్గిన పెద్ద దోసకాయ ఒకటి, తొడిమ దగ్గర పాత చీరముక్క కట్టి ఉంది. బరువుకి తీగ తెగుతుందని కట్టాడనుకున్నాను. ముడి విప్పి కాయ కోశాను. మా ఇంట్లోనే కడిగి, గింజలు గీకి, ముక్కలు చేసి, నిమ్మకాయ పిండి పట్టుకెళ్ళాను.

చావింట్లో ఇదేమిటని ఎవరైనా అంటారేమోనని గుమ్మంలో ఆగాను. ఎదురింటి ముసలమ్మే అంది, "పొయ్యి కదా ఎలిగించకూడదు. ఇది పచ్చిదే కదేటి, పెట్టు నాయనా."

అత్త ముందు కంచం పెట్టాను. కంచంలోకి వంగి చూసింది.

"ఈ దోసకాయి ఎక్కడిది?"

"మనదే అత్తా. పైనది."

"గుడ్డ కట్టుందా?"

"ఉంది. బరువుకేమో అని..."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! ఇత్తనాల కాయిరా అది. ఏడాదికొక్కటే ఒగ్గేత్తాడు. నా చీరముక్కే కడతాడు, ఎవులూ కొయ్యకుండా." గొంతు లేచింది. పొద్దున్నుంచి ఆవిడ గట్టిగా మాట్లాడిన మాట అదే. "గింజలేవి? పారేసినావేటి?"

"మా ఇంట్లో..."

"అవి తెచ్చేదాకా నాను ముద్ద ముట్టను. ఎల్లు!"

పరుగెత్తాను బావా. మా ఆవిడ చెత్తబుట్ట వీధిలోకి తీసుకెళ్తోంది. గుమ్మం దగ్గరే ఆపాను. బెండకాయ తొడిమలు, ఉల్లి వేళ్ళు, నిమ్మచెక్కల మధ్య నుంచి ఆ గుజ్జంతా చేత్తో ఏరి గిన్నెలో వేసి తీసుకెళ్ళాను. అత్త గ్లాసు నీళ్ళు అడిగింది. గుజ్జు నలిపి గింజలు నీళ్ళలో వదిలింది. తేలిన తాలు గింజలు తీసి పక్కన పెట్టింది. మునిగినవే ఎక్కువ.

"పండింది," అంది. ఆ మాట మాతో కాదు.

గ్లాసులోకే చూస్తూ, ఎడంచేత్తో కంచం దగ్గరికి లాక్కుని ఒక ముక్క నోట్లో వేసుకుంది. నమిలింది. ఆగి, తలెత్తి చుట్టూ చూసింది.

"ఉప్పేదిరా?"

అప్పుడు కూతురు లేచి ఉప్పు డబ్బా తెచ్చి చిటికెడు చల్లింది. అత్త సగం కంచం తింది. మాత్ర వేసుకుంది.

మేడ మీద నీళ్ళు ఇప్పుడు నేనే పోస్తున్నాను, షాపు తీసేముందు. గింజలకి బూడిద రాసి, నా పెయింటు బకెట్టు మూత మీద పరిచి అత్త ఎండబెడుతోంది. గాలికి పోకుండా వాటి మీద ఆ చీరముక్కే కప్పింది. నీ వాటా వేరే పొట్లం కట్టమన్నాను. "పాతవి కాసేయి కదేటి, మళ్ళీ ఎందుకు?" అంది. పొట్లానికి కాగితం చింపి ఇచ్చాను. వానలింకా పడలేదు. ఎప్పుడొస్తావు బావా?