నాలుగు మోడళ్ళ బండి

మా మామయ్య పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఒక పెద్దాయన చేతికి పట్టీ కట్టి నరం వెతుకుతున్నాను. హబ్సిగూడలో ఒక ల్యాబులో పరగడుపు రక్తాలు తీయడం నా పని. పొద్దున ఆరున్నరకే మొదలవుతుంది. ఫోన్ వచ్చింది మా అత్తమ్మ నంబరు నుంచి. మాట్లాడింది పక్కింటామె.

"మీ మామ షెడ్డుల కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండమ్మా. పానం పోయింది. జల్ది రా."

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆ పెద్దాయన రక్తం తీసి, దూది పెట్టి, "రెండు నిమిషాలు గట్టిగా ఒత్తి పట్టుకోండి" అని చెప్పి, ట్యూబు మీద పేరు రాశాక గానీ కూర్చోలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. అలసిపోయిన మనిషికి కబురు చెవిలో పడినా చేతుల దాకా రావడానికి కొంత సమయం పడుతుంది, అంతే.

అప్పటికి రెండున్నర గంటల కిందట ఆయనే నన్ను బండి మీద తెచ్చి దింపి వెళ్ళారు. పదకొండేళ్ళుగా దింపుతున్నట్టే.

ఆ బండి సంగతి చెప్పకుండా ఆయన సంగతి చెప్పలేను. మా మామయ్య జనగామ వైపు నుంచి వచ్చి, నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యారు. మా ఆయన పుట్టిన ఏడు ఆ వంద సీసీ బండి కొన్నారట. కిక్కు కొడితే తప్ప లేవదు, ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులు. కంపెనీ వాళ్ళు అదే పేరుతో కొన్నేళ్ళకోసారి కొత్త మోడల్ దింపుతూ వచ్చారు. లోకమంతా పాతది అమ్మి కొత్తది కొనుక్కుంది. మా మామయ్య మాత్రం పాతదాన్ని వదలకుండా, వచ్చిన ప్రతి మోడల్ నుంచీ తనకు నచ్చిన భాగం మాత్రం తెచ్చుకున్నారు. చట్రం, ట్యాంకు మొదటి మోడల్‌వి. చక్రాలు రెండో మోడల్‌వి. ఇంజిను, సెల్ఫ్ స్టార్ట్ వచ్చిన మూడో మోడల్‌ది. ముందు ఫోర్కు, దానికున్న డిస్కు బ్రేకు ఈమధ్య వచ్చిన నాలుగోదానివి. ఇంజిను మార్చినప్పుడు ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించడానికి ఉప్పల్‌లో ఆర్టీఏ ఆఫీసు చుట్టూ మూడు రోజులు తిరిగారు. ఎందుకింత తిప్పలని అడిగితే, "పెండ్లి జేసినంక రిజిస్టర్ జేపియ్యాలె గద బిడ్డా" అన్నారు.

మా ఇంట్లో ఇడ్లీ రేకులు నాలుగు ఉంటే అందులో ఒకటి ఆయనది. నాలుగు గుంటలు, నాలుగు మోడళ్ళు. ఏ మోడల్ నట్లు ఆ గుంటలో పడేవి. అత్తమ్మ మొదట్లో తగువాడి, తర్వాత మూడు రేకులకు సరిపడా పిండే రుబ్బడం అలవాటు చేసుకుంది. ఆయన చేతులు పెట్రోలుతో కడిగి, సబ్బుతో కడిగి, చివర్న పంచదార పోసి రుద్దుకునేవారు. అయినా అన్నం ముందు కూర్చుంటే షెడ్డు వాసన ఆయనకంటే ముందొచ్చి పీట మీద కూర్చునేది.

ఒక మాట మాత్రం చాలాసార్లు విన్నాను. మొదటిసారి విన్నది మా పెళ్ళయిన కొత్తలో. కొత్త సైలెన్సరు బోల్టు పాత చట్రం బెజ్జంలో కూర్చోవడం లేదు. మా ఆయన ఆకురాయి పట్టుకుని సైలెన్సరు పట్టీని రుద్దబోయాడు.

"అరే, కొత్తదాన్ని ఎందుకు గీకుతున్నవ్‌రా? పాతదాన్ని గీకు" అన్నారు మామయ్య.

"పాతది చట్రం గద నాన్నా, ఖరాబైతదేమో."

"గది మస్తు సూసింది. ఇంకో జర గీకితే ఏం గాదు. కొత్తదాన్ని గీకినవనుకో, రేపు గది తుప్పు వట్టి ఇంకోటి తెస్తే మళ్ళ గీకాలె. పాతదాన్ని ఒక్కపారి సరిజేస్తే, దుకాణంల దొరికేది ఏదైనా వచ్చి కూసుంటది. నేనున్నా, లేకున్నా."

ఈ సూత్రాన్ని ఆయన బండికి తప్ప దేనికీ వర్తింపజేసి మాట్లాడలేదు. అలా మాట్లాడే మనిషి కాదు. అయితే నేను కోడలిగా వచ్చిన నెలలోనే ఇంట్లో రభస మొదలైంది. నేను అయిదుంబావుకి లేచి, అయిదూ ముప్పావుకి గడప దాటాలి. "పొయ్యి ముట్టియ్యకుంటనే కోడలు ఎళ్ళిపోవుడేంది" అని అత్తమ్మ. ఆమె బాధ ఆమెది, కోడలొస్తే తనకు కాస్త విశ్రాంతి అనుకుంది. మర్నాడు నేను లేచేసరికి మామయ్య వంటింట్లో ఉన్నారు. ఆ రోజు చేసిన ఉప్మా గోడకు పోస్టర్లు అంటించడానికి పనికొచ్చేది. నెల తిరిగేసరికి బాగా కుదిరింది. తర్వాత తాళంచెవి తీసుకుని, "పా, దింపొస్త" అన్నారు. ఆ ఇల్లు నా కోసం కొంచెం అరిగింది. అరిగింది ఎక్కువగా ఆయన నిద్రే.

బండి నడపడం కూడా ఆయనే నేర్పారు. ఆదివారాలు కాలనీ మైదానంలో ఎనిమిది అంకె తిప్పించి, లైసెన్సు ఇప్పించారు. మూడు నెలలు నేను ముందు, ఆయన వెనక. ఒకరోజు నాచారం చౌరస్తా దగ్గర ముందున్న బస్సు టక్కున ఆగింది. నేనూ బ్రేకు వేసి కాలు దించాను. నేల ఉండాల్సిన చోట గుంత ఉంది. మామూలుగానే మునివేళ్ళ మీద నెట్టుకొచ్చేదాన్ని, ఆ రోజు అవీ అందలేదు. బండి ఎడమ వైపు ఒరిగి నా మణికట్టు మీద పడింది. ఆయనకు మోచేయి చీరుకుపోయింది. నేను రెండు నెలలు సూది పట్టలేదు. చెయ్యి మళ్ళీ మామూలవుతుందో లేదో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రెండు నెలలు.

"ఆడోళ్ళకు గేర్ల బండెందుకు?" అన్నాడు మా ఆయన. అత్తమ్మ ఎవరి దిష్టో తగిలిందంది. మామయ్య బండిని స్టాండు వేసి, సీటు వంక చాలాసేపు చూశారు.

"తప్పు బిడ్డది కాదు. బండిది. కాలు ఆనకుంటే ఎవలైనా పడుతరు" అన్నారు.

స్కూటీ కొనుక్కుంటానులే మామయ్యా అంటే ఒప్పుకోలేదు. "చిన్న చక్రాలు బిడ్డా. మన నాచారం గుంతలల్ల మునిగి తేల్తవు." నిజానికి నేనూ మనసులో ఏదీ కొనుక్కోవాలనుకోలేదు. ఆ రోజు తర్వాత ముందు సీటంటేనే నాకు అరచేతులు చెమట పట్టేవి.

అప్పటి నుంచి ఆయన బండిని కిందికి దించడం మొదలుపెట్టారు. పాత మోడల్ వెనక షాకప్పులు పొట్టివని ఎక్కడో వెతికి తెచ్చారు. సీటు విప్పి స్పాంజి కొంత కోశారు, అది చాలక రేకు కూడా సాపు చేశారు. ముందు ఫోర్కు కొంచెం పైకి లాగి బిగించారు. డిస్కు బ్రేకు వేసింది కూడా నాకోసమే, బస్సు ఆగినప్పుడు బండి కూడా ఆగాలని. మూడు నెలలకో, ఆరు నెలలకో పిలిచేవారు.

"జర కూసో బిడ్డా. మడమ ఆనుతదా?"

"లేదు మామయ్యా. వేళ్ళే ఆనుతున్నాయి."

"మంచిది. ఫికర్ జెయ్యకు."

నాకు అది చెవిలో జోరీగలా ఉండేది. నన్ను దింపే బండిని వారానికోసారి విప్పి కూర్చుంటారేమిటని విసుక్కున్నాను కూడా. చివరిసారి పిలిచినప్పుడు నేను డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాను. "ఇప్పుడు కాదు మామయ్యా, కాళ్ళు లాగుతున్నాయి. ఆదివారం చూద్దాం" అన్నాను. ఆదివారం పడుకున్నాను. ఆ పై ఆదివారం కూడా పడుకున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. షెడ్డు ఊడ్చి, బండి మీద గుడ్డ కప్పారు.

ఈ ఏడు ఎండాకాలం మొదట్లో ఆయనకు ఆయాసం మొదలైంది. రక్తం నేనే తీశాను. రిపోర్టు నేనే తెచ్చాను. గుండె పంపింగు తగ్గిందనీ, బండి నడపడం మానాలనీ డాక్టరు చెప్పినప్పుడు పక్కన ఉన్నదీ నేనే. మా ఆయనకు రాత్రి డ్యూటీలు, పొద్దున్నే దింపలేడు. నేను ఆటోలో వెళ్తానన్నాను. ఆ వేళకు షేరాటోలు దొరకవు. రెండు రోజులు ఆలస్యంగా వెళ్ళి చీవాట్లు తిన్నాను. మూడో రోజు గేటు దగ్గర తాళంచెవితో నిలబడి ఉన్నారు.

"డాక్టరు వద్దన్నాడు కదా మామయ్యా."

"అయితే నువ్వు నడుపు. నేను ఎన్క కూసుంట."

నేను వెనక ఫుట్‌రెస్టు కాలితో దించాను. ఆయన ఒక నిమిషం చూసి, ముందు ఎక్కారు. నేను వెనక ఎక్కాను.

అలా నాలుగు నెలలు. నేను నడిపి ఉంటే ఆయన మానేసేవారు. అలసటగా ఉంది, ఈ వారం కాదు, వచ్చే వారం అని అందరికీ చెప్పాను, నాకూ చెప్పుకున్నాను. అలసట అబద్ధం కాదు. కానీ దాని వెనక దాక్కున్నది భయం. రోజూ పరాయి వాళ్ళ రిపోర్టులు చూసి "అశ్రద్ధ చేయకండి" అని చెప్పే మనిషిని, మా ఇంటి రిపోర్టు బీరువాలో పెట్టి వెనక సీట్లో కూర్చున్నాను. మంచంలో పడుకున్నా ఆగేది కాదమ్మా అని డాక్టరు తర్వాత అన్నాడు. కావచ్చు. ఆ మాట పట్టుకుని నిద్రపోవాలని చూశాను, కుదరలేదు. అత్తమ్మ నన్ను ఇంతవరకు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని కొన్నిసార్లు అనిపిస్తుంది.

దినాలు అయిపోయాక మా ఆయన బండి తీశాడు. సెల్ఫ్ కొడితే టిక్కుమని ఊరుకుంది. "గిది నాన్నకు తప్ప ఎవలికి అర్థమైతది? ఎవలకన్న ఇచ్చేద్దాం" అన్నాడు. అయినా ఎందుకైనా మంచిదని వీధి చివరి మెకానిక్‌ను పిలిచాడు. అతను బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి తల గోక్కున్నాడు.

"గిది ఏ మోడల్ అక్కా?"

అతను బ్యాటరీ చూద్దామని సీటు లేపాడు. సీటు రేకుకు లోపలి వైపు, జిరాక్సు షాపులో ప్లాస్టిక్ అట్ట వేయించిన కాగితం ఒకటి అంటించి ఉంది. మామయ్య రాత. నేనే చదివాను.

"బిడ్డా, సెల్ఫ్ లేవకుంటే బ్యాటరీ. మూడో మోడల్‌ది అడుగు. ముందు బ్రేకుకు నాలుగో మోడల్ ప్యాడ్లు. ఎన్క బ్రేకుకు రెండో మోడల్ షూలు. సైలెన్సర్ ఏదైనా పడుతది. ఎవలన్న ఏదన్న కొయ్యాలె అంటే కొయ్యనియ్యకు. కొయ్యాల్సినయన్ని నేనే కోసిన."

మెకానిక్ ఒక్కో చోటా వంగి చూశాడు. "నిజమే అక్కా. పాతదంత పెద్దాయన ముందే సరిజేసి పెట్టిండు. ఏ దుకాణంకు వోయినా సామాను దొరుకుతది. గీడ ఇగ ఎవలి పని లేదు" అన్నాడు. మా ఆయన కాగితం చేతిలోకి తీసుకుని, చదివి, మళ్ళీ అక్కడే పెట్టి సీటు దించాడు. మూడో మోడల్ బ్యాటరీ తెప్పించి వేయించాడు. ఇచ్చేసే మాట మళ్ళీ ఎత్తలేదు.

సోమవారం నా సెలవు అయిపోయింది. అయిదూ ముప్పావు. మా ఆయన ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. ఉప్మా లేదు. ఎవరూ చేయలేదు, ఎవరూ అడగలేదు. నేను గుడ్డ తీసి, బండిని మెల్లగా షెడ్డులోంచి వీధిలోకి నెట్టాను. అత్తమ్మ గేటు పట్టుకుని నిలబడింది. సైడు స్టాండు వేసి, పక్కన నిలబడే బటన్ నొక్కాను. మొదటిసారికే అందుకుంది.

బ్యాగు భుజానికి వేసుకున్నాను. చున్నీ సర్దుకున్నాను. నాలుగు అడుగులు వేసి, వెనక ఎడమ పక్కకు వెళ్ళి, ఫుట్‌రెస్టు కాలితో కిందికి దించి నిలబడ్డాను. ఇంజిను ఆడుతోంది. పొగలో పెట్రోలు వాసన. నేను నిలబడే ఉన్నాను. ఎంతసేపో తెలియదు.

"గాడ కాదు బిడ్డా" అంది అత్తమ్మ గేటు దగ్గర నుంచి. "ముందల."

నేను ముందుకు నడిచి వెళ్ళి, బండిని నిలబెట్టి, స్టాండు తీసి ఎక్కి కూర్చున్నాను. రెండు కాళ్ళూ కిందికి దించాను. రెండు మడమలూ నేలకు ఆనాయి.