నవీపేట్ దాకా వెళ్ళొచ్చిన బొంత

పోయిన నెల బోధన్‌లో మా మేనత్త చనిపోయింది. పొద్దున చాయ్ తాగి నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదు. పక్కింట్లో దర్జీ పని చేసే ముస్లిం పెద్దావిడను అందరం ఆపా, అంటే అక్క, అని పిలుస్తాం. ఆమె నిజామాబాద్‌లో ఉన్న నాకు ఫోన్ చేసి, "జల్ది రా బిడ్డా, మీ అత్త పల్కుతలేదు" అని ఏడ్చింది.

అత్త బొంతలు కుట్టేది. ఆపా దగ్గర మిగిలిన గుడ్డపీలికలు, పాత చీరలు, లుంగీలు ఏవీ పారేయనిచ్చేది కాదు. పొద్దుటి వెలుగులోనే సూదులన్నిటికీ దారం ఎక్కించి దిండుకు గుచ్చి పెట్టుకునేది. చూపు మందగించాక కూడా దారం కోసం ఒకరిని అడగలేదు. నేనేదైనా ముక్క అందిస్తే వేళ్ళ మధ్య నలిపి చూసి, "గిది గీరుకుంటది బిడ్డా, పసిపిల్లకు వద్దు" అని పక్కన పడేసేది.

ఆ పసిపిల్ల ఆమె మనవరాలు. అత్త దాన్ని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు.

ఒక్కగానొక్క కూతురు తనకు నచ్చినవాణ్ణి చేసుకుని నవీపేట్‌లో కాపురం పెట్టినప్పుడు, "మల్ల నా గడప తొక్కకు" అన్నది అత్తే. అన్న నోటితోనే రమ్మని ఎలా పిలవాలో ఆమెకు తెలియలేదు. ఆడపిల్ల పుట్టిందని కబురు వచ్చింది. మర్నాడు పెట్టె తెరిచి, తన పాత నేతచీర చింపి బొంత మొదలుపెట్టింది.

అది పూర్తయ్యేలోపే పిల్ల నడుస్తోందని తెలిసింది. చుట్టూ ఇంకో వరస ముక్కలు వేసింది. ఆపా మనవరాలిదీ అదే ఈడు. ఆ పిల్లను బొంత మీద పడుకోబెట్టి పొడుగు చూసుకునేది. "అగో, మల్ల కాళ్ళు బయటికొచ్చినయ్" అని నవ్వి కత్తెర అందుకునేది. పని సాగుతూనే ఉండేది, తెమిలేది కాదు.

పోయిన చలికాలం నేను పట్టుబట్టి ఆమెను నవీపేట్ బస్సెక్కించాను. చెరకు లారీల వెనక బస్సు నెమ్మదిగా పోతుంటే, బొంత సంచిని ఒళ్ళోంచి దించకుండా కూర్చుంది. దిగేసరికి రోడ్డవతల కూరగాయల బండి దగ్గర ఆమె కూతురు, కొంగు పట్టుకుని పిల్ల. వాళ్ళు మమ్మల్ని చూడలేదు.

"పా అత్తా, పిలుస్త" అన్నాను.

నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దు బిడ్డా. ఇంక అంచు కుట్టనే లేదు. గిట్ల దారాలు ఏలాడుకుంట ఎట్ల ఇయ్యాలె?"

"ఆడనే కూసోని కుట్టు."

"అది నన్ను సూసి మొకం తిప్పుకుంటె?"

అంతలో వెనక్కి పోయే బస్సు వచ్చింది. నాకంటే ముందు తనే ఎక్కింది. పిల్ల కనిపించినంతసేపూ కిటికీలోంచి మెడ తిప్పుకుని చూసింది. తర్వాత మోకాళ్ళ నొప్పులు, ఆపైన ఎండలు. మళ్ళీ వెళ్ళలేదు.

అత్త పోయిన రోజు కూతురు పిల్లనెత్తుకుని వచ్చి గడప బయటే నిలబడిపోయింది. ఆపా వెళ్ళి భుజం పట్టుకుంది. "లోపల్కి రా బేటీ. ఎన్నేండ్ల సంది నీ పోరి కోసమే కుట్టుకుంట కూసుంది."

"ఒక్కపారి రమ్మంటె ఉరికొద్దును గద ఆపా" అంటూ ఆమె గడప మీదే కూలబడింది. "ఎప్పుడు పిలుస్తదా అని సూసుకుంటనే ఉన్న."

దినాలయ్యాక వాళ్ళను బస్టాండుకు తీసుకెళ్ళాను. మండే మధ్యాహ్నం. బస్సు కదిలేసరికే పిల్ల మెడదాకా ఆ బొంత కప్పుకుని తల్లి ఒళ్ళో నిద్రపోయింది. నుదురంతా చెమట. తల్లి కొంగుతో ఆ చెమట తుడుస్తోంది గానీ, బొంత మాత్రం తీయడం లేదు.