కాగితం విప్పని సబ్బు

మా సూపర్‌వైజరమ్మ మహా శుచిమంతురాలు. టేకులపల్లి అవతల అడవిలో నేను నడిపే అంగన్‌వాడీకి వచ్చినప్పుడల్లా, చేతిసంచిలోంచి సొంత సబ్బుపెట్టె తీసి మోచేతుల దాకా కడుక్కునేది. పిల్లల కోసమని ఇచ్చిన సబ్బును మాత్రం ట్రంకుపెట్టెలో దాయించి, "కాగితం చింపకు, పెద్దసారు వస్తే చూపియ్యాలె" అనేది.

ఒకసారి కండ్లకలక వచ్చిన ముగ్గురు పిల్లల్ని ఇంటికి పంపేశానని మండిపడింది. "రేపు సారు వస్తుండు. హాజరు తక్కువుంటే ఎట్ల? జల్దీ పిలుచుకరా!"

బుద్ధిలేక పిలుచుకొచ్చాను. సారు వచ్చి, చెక్కుచెదరని ఆ సబ్బును చూసి మెచ్చుకుని వెళ్ళాడు. వారం తిరిగేసరికి పిల్లలందరి కళ్ళూ ఎర్రబడి, రెప్పలు అంటుకుపోయాయి.

ఆ మహాతల్లి మళ్ళీ వచ్చింది. గడప బయటే నిలబడి, "ఏందమ్మా గింత మురికి? సబ్బు ఇచ్చినం గద!" అంటూ తన సబ్బుపెట్టె తెరిచింది.